మైలేజీ టైర్లు

మా కారు మైలేజీ పడిపోయినప్పుడు ఆ నేరాన్ని మేమిద్దరం టైర్ల మీద వేశాం. నేను తెలియక వేశాను. మా ఆయన తెలిసే వేశాడు. అసలు సంగతి బయటపడితే స్టీరింగు తన చేతిలోంచి పోతుందని ఆయనకు తెలుసు. నెలల తరబడి ఆ భయాన్ని కడుపులో పెట్టుకుని, నా పక్కనే కూర్చుని, టైర్ల గురించి నాతో పోట్లాడాడు.

ఆయన బొగ్గు గనుల్లో పనిచేసి రిటైరయ్యాడు. ఓపెన్‌కాస్టులో డంపర్ నడిపేవాడు. డంపర్ అంటే రోడ్డు మీద కనబడే లారీ కాదు. దాని టైరు పక్కన నిలబడితే మా ఆయన లాంటి పొడుగాటి మనిషి తల కూడా టైరు పై అంచు దాకా రాదు. అంత బండిని పైనుంచి తవ్వుకుంటూ పోయిన గని గుంత అడుగుదాకా దింపి, మట్టి నింపుకుని, వాన పడిన దారిలో మళ్లీ పైకి ఎక్కించడం ఆయన ఉద్యోగం. ఇంట్లో ఏ పనీ చేతకాదు. పాలు పొంగకుండా చూడమంటే పొయ్యి ముందు నిలబడే పొంగనిస్తాడు. స్టీరింగు పట్టుకుంటే మాత్రం వేరే మనిషి. వెన్ను నిటారుగా అవుతుంది, మాట తగ్గిపోతుంది. నిజం చెప్పాలంటే, పెళ్లయిన కొత్తలో నేను ఇష్టపడింది ఆ మనిషినే.

గనుల్లో 'అన్‌ఫిట్' అనే మాట ఒకటుంది. కార్మికుల కాలనీల్లో చదువురాని ముసలమ్మకు కూడా ఆ మాట తెలుసు. మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అన్నదంటే ఆ మనిషి పనిలోంచి దిగిపోతాడు, అతని బదులు కొడుకు ఎక్కుతాడు. ఒంట్లో బాగాలేక అలా దిగిపోయిన వాళ్లు మా ఆయన స్నేహితుల్లో చాలామందే ఉన్నారు. ఈయన మాత్రం "నేను ఫిట్‌గ ఎక్కిన, ఫిట్‌గ దిగిన" అని పెళ్లిళ్లలో, దినాల్లో, నలుగురు కలిసిన ప్రతిచోటా చెప్పుకునేవాడు. షుగరు ఉంది, మాత్రలు మింగుతాడు. అదేమిటని ఎవరైనా అంటే, "ఈ కాలంల షుగరు ఎవరికి లేదు తియ్యి" అని కొట్టిపారేస్తాడు.

ఆయన రిటైరయ్యాక కారు కొన్నాం. పెట్రోలూ బ్యాటరీ కలిసి నడిపే హైబ్రిడ్ కారు. మా అమ్మాయి భద్రాచలంలో బ్యాంకులో పనిచేస్తుంది. అల్లుడి ఉద్యోగం హైదరాబాదులో. మనవరాలు ఇంకా చిన్నది, అప్పుడే బడికి పోతోంది. మేముండేది ఖమ్మం అంచున, ఖానాపురం హవేలిలో. నేను సర్కారు హైస్కూల్లో సైన్సు చెబుతాను, ఇంకా సర్వీసు ఉంది. శుక్రవారం సాయంత్రం ఆయన వెళ్లి పిల్లను తీసుకొచ్చేవాడు. ఆదివారం ఇద్దరం వెళ్లి దింపి వచ్చేవాళ్లం. వారం వారం పాల్వంచ దాటి అడవి దారిలో అంత దూరం పోయి రావాలంటే మామూలు కారు తట్టుకోలేమని ఇది తీసుకున్నాం.

హైబ్రిడ్ సంగతి నాకు నేర్పింది ఆయనే. బ్రేకు మెత్తగా నొక్కితే బండి ఆగేటప్పటి ఊపు వృథా పోకుండా బ్యాటరీలోకి చేరుతుంది. యాక్సిలరేటర్ నెమ్మదిగా తొక్కితే ఇంజను లేవకుండా బ్యాటరీ మీదే పోతుంది. ఠక్కున తొక్కి ఠక్కున ఆపితే మాత్రం అది కూడా పెట్రోలు తాగే బండే. "అంత కాలిల్నే ఉంటదే" అనేవాడు. ఆ ముక్క నేను మా తొమ్మిదో తరగతి పిల్లలకు కూడా చెప్పాను.

మైలేజీ అంటే ఆయనకు పరువు. భద్రాచలంలో బండి ఆపగానే స్టీరింగు ముందున్న తెర మీద అంకె చూపించి, "చూసినవా టీచరమ్మా?" అనేవాడు. దసరా పోయాక చూపించడం మానేశాడు. నేనే ఒకరోజు వంగి చూసి, "ఇదేంది, గింత పడిపోయింది?" అన్నాను. ఆయన వెంటనే, "టైర్లు అరిగినయి. ఇంకేమైతది?" అన్నాడు. నేను నమ్మాను. టైర్లు నిజంగానే అరిగాయి, ఒకదానికి పక్కగోడ ఉబ్బింది కూడా. మార్చక తప్పదు.

వైరా రోడ్డులో మాకు తెలిసిన టైర్ల షాపు ఉంది. షాపాయన రెండు రకాలు తీసి మా ముందు నిలబెట్టాడు. ఒకటి తేలిక టైరు. దొర్లేటప్పుడు తక్కువ నలుగుతుంది, తక్కువ వేడెక్కుతుంది, అందుకని ఇంధనం ఆదా అవుతుంది. మా వైపు వాటిని మైలేజీ టైర్లంటారు. రెండోది బరువు టైరు. గాళ్లు లోతుగా ఉన్నాయి, పట్టు ఎక్కువ.

మా ఆయన రెండోదాని మీద చెయ్యి వేసి, "ఇవి ఎయ్యి" అన్నాడు.

నేను ఒంటికాలి మీద లేచాను. "హైబ్రిడ్ కొన్నదెందుకు, ఈ బరువు టైర్లు ఏసి లాగనీకా? పోయేదంత తారు రోడ్డే గదా. కారును గుట్ట ఎక్కిస్తవా?"

"వానాకాలంల సారపాక రోడ్డు చూసినవా నువ్వు? లారీలలకెల్లి బొగ్గు రాలి తడిస్తే సబ్బు లెక్క ఉంటది. టైరు పట్టాలె. మైలేజీదేముంది?"

"మొన్నటిదాంక మైలేజీ మైలేజీ అని మురిసింది ఎవరు మరి?"

షాపాయన మా ఇద్దరి మధ్యా నిలబడి నవ్వాడు. "అన్న చెప్పిందీ నిజమే, మేడం చెప్పిందీ నిజమే. ఈ బండికి కంపెనీ నుంచి వచ్చేది మాత్రం మైలేజీ టైర్లే. తడిల పట్టు జర తక్కువ, మరీ భయపడేంత కాదు. మైలేజీ వస్తదని గాలి మాత్రం ఎక్కువ కొట్టియ్యకుండ్రి. డోర్ మీద ఎంత రాసి ఉంటే అంతే." ఇంకో మాట కూడా అన్నాడు. "కొత్తల మైలేజీ పెరగకపోతే నన్ను తిట్టకుండ్రి. కొత్త రబ్బరు జర అరిగితేనే సాఫీగ దొర్లుతది."

మా ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి, "సరే, టీచరమ్మ చెప్పినయే ఎయ్యి" అన్నాడు. అంత జల్దీ ఓడిపోయే మనిషి కాదు. పట్టు పడితే అన్నం మానేసి కూర్చునే రకం. నాకు గెలిచిన సంతోషం తప్ప ఇంకేమీ తట్టలేదు.

టైర్లు ఎక్కించి, అలైన్‌మెంట్ చూసి, బండి బయట పెట్టారు. ఆయన పాత అలవాటు ప్రకారం బండి చుట్టూ తిరిగి, ఒక్కో టైరునూ అరచేత్తో తడిమి చూశాడు. షిఫ్టు ఎక్కేముందు డంపర్ చుట్టూ అలాగే తిరిగేవాడట. అప్పుడు షాపాయన వెనక నుంచి, "అన్నా, నీ చెప్పు!" అని అరుస్తూ వచ్చాడు. మా ఆయన కుడికాలి చెప్పు కుర్చీ దగ్గరే ఊడి ఉండిపోయింది. ఈయన ఒంటి చెప్పుతో కంకర మీద బండి చుట్టూ తిరిగొచ్చాడు. "ధ్యాసంత టైర్ల మీదనే" అని నేను నవ్వాను. ఆయన కూడా నవ్వి చెప్పు తొడుక్కున్నాడు.

కొత్త టైర్లతో కూడా మైలేజీ పెరగలేదు. షాపాయన ముందే చెప్పాడు కనుక ఇద్దరం ఆ మాటనే పట్టుకుని వేలాడాం. అరగనీ, పెరుగుతుంది అనుకున్నాం. ఒక ఆదివారం అందరం పర్ణశాల పోతుంటే అమ్మాయి సరదాపడి తను నడుపుతానంది. వెళ్లి వచ్చేసరికి తెర మీద అంకె మొదట్లో కారు కొన్నప్పటిలా ఉంది. "నాన్నా, నాకైతే మస్తుగ ఇస్తున్నది గదా!" అంది. ఆయన కిటికీలోంచి గోదావరి వైపు చూస్తూ, "రోడ్డు ఖాళీగున్నది, అందుకే" అన్నాడు. నేను కూడా, "అవ్, ఆదివారం గదా" అని వెనకేసుకొచ్చాను.

ఇంకొకటి. ఆ రోజుల్లో ఆయన నడుపుతూ మాటిమాటికీ తల వంచి కిందికి చూసేవాడు. మైలేజీ అంకె చూస్తున్నాడనుకుని నాకు ఒళ్లు మండేది. "ఆ అంకె యాడికి పోదు, రోడ్డు చూడు" అని తిట్టేదాన్ని. "చూస్తున్న, చూస్తున్న" అనేవాడు. బండి కూడా అప్పుడప్పుడు ఊరికే ముందుకు ఉరికేది, ఊరికే ఠక్కున ఆగేది. పిల్ల తల ముందు సీటుకు తగిలి ఒకసారి ఏడ్చింది. కొత్త టైర్లు ఇంకా కుదురుకోలేదనుకున్నాను. నా సైన్సు చదువు అక్కడికి ఉపయోగపడింది.

ఎండాకాలం వచ్చింది. బీడీలు చుట్టే తునికాకు కోసే రోజులు. అడవి ఊళ్ల జనం తెల్లారకముందే ఆకుకు పోయి, ఎండ ముదిరేలోపు కట్టలు కట్టి మూటలు నెత్తిన పెట్టుకుని కల్లానికి తెచ్చి ఎండబెడతారు. ఆ ఆదివారం పిల్లను దింపడానికి పొద్దున్నే బయల్దేరాం. పాల్వంచ దాటి అడవిలోకి వచ్చాక ఒక మలుపు దగ్గర ఆడవాళ్లు వరసగా రోడ్డు దాటుతున్నారు. అందరి నెత్తి మీదా ఆకు మూటలే. బండి అప్పుడు బ్యాటరీ మీద పోతోంది, చప్పుడు లేదు. వాళ్లు మమ్మల్ని చూడలేదు.

"మెల్లగ, మెల్లగ" అన్నాను. ఆయన అప్పటికే కాలు తీస్తున్నాడు. బండి తగ్గడానికి బదులు ఇంజను గుర్రుమని ముందుకు దూకింది. నేను అరిచాను. ఆయన తల వంచి కిందికి చూశాడు. ఆ తర్వాత బండి ఆగింది.

బంపరు ఒకామె మోకాలి దగ్గర ఆగింది. ఆమె ఒక చెయ్యి బానెట్ మీద ఆనించి నిలబడి ఉంది. నెత్తి మీది మూట కిందపడి ఆకు కట్టలు రోడ్డంతా చెదిరాయి. వెనక సీటులోంచి పిల్ల ఏడుపు మొదలైంది. ఆమె తనవాళ్లతో కోయ భాషలో ఏదో అని, మా వైపు తిరిగి తెలుగులో, "కండ్లు లేవా అయ్యా నీకు?" అంది. గట్టిగా కూడా అనలేదు.

నేను దిగి, ఆమె కాళ్ల దగ్గర కూర్చుని కట్టలు ఏరాను. మిగతావి వాళ్లే సర్దుకున్నారు. ఆమెకు దెబ్బ తగలలేదు. తల్లీ తప్పయిపోయిందంటే తల ఊపి, మూట ఎత్తించుకుని వెళ్లిపోయింది. మా ఆయన బండి దిగలేదు. రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. నేను వచ్చి వెనక పిల్ల పక్కన కూర్చున్నాక, నా వైపు చూడకుండా అన్నాడు.

"నేను బ్రేకు కొట్టిన. టైర్లు పట్టుకోలే. నీ మైలేజీ టైర్లు పట్టుకోలే."

ఆ మాట నా గుండెలో దిగిపోయింది. ఆయన బరువు టైర్లు వేద్దామన్నాడు. నేను నోరేసుకుని గెలిచాను. పెట్రోలు మిగుల్చుకుందామని ఒక ఆడమనిషి ప్రాణం తీయబోయాను, నా మనవరాలి కళ్లముందు. భద్రాచలం చేరేదాకా పిల్లను ఒళ్లో అదుముకుని ఏడుస్తూనే ఉన్నాను. వెనక్కి తిరిగి చూసినప్పుడు రోడ్డు పొడిగా ఉంది, టైర్లు జారిన గీత ఒక్కటి లేదు. ఘర్షణ పాఠం ఏళ్ల తరబడి చెప్పినదాన్ని, అది చూసి కూడా ఏమీ ఆలోచించలేదు. భర్త మాట పక్కన రోడ్డు సాక్ష్యం నా కంటికి ఆనలేదు. అమ్మాయి ఇంటికి చేరగానే టైర్ల షాపుకు ఫోన్ చేసి షాపాయన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం, ఆయన అంతా విని, "తీసుకరండి మేడం, చూద్దాం. మీకెవరికీ ఏం కాలే గదా?" అన్నాడు.

అమ్మాయి మమ్మల్ని చూసి హడలిపోయింది. "గండం గడిచింది, ముందు పోయి రాములవారికి దండం పెట్టుకుందాం రాండి" అని బయల్దేరదీసింది. అప్పటికి మిట్టమధ్యాహ్నం అయింది. చెప్పులు బయట విడిస్తే మళ్లీ దొరుకుతాయో లేదోనని మావాళ్లందరికీ ఒక అలవాటు ఉంది. చెప్పులు కారులోనే వదిలి, కారు దగ్గరి నుంచే వట్టి కాళ్లతో నడుస్తాం. భద్రాచలంలో వైశాఖం ఎండ అంటే తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. తారు రోడ్డు, ఆ తర్వాత మెట్లు, ఆ తర్వాత బండలు. నేను కొంగు నెత్తిన కప్పుకుని, కాలు కింద పెట్టీ పెట్టకుండా నీడ నుంచి నీడకు ఉరికాను. అమ్మాయి పిల్లను చంకనేసుకుని, "అమ్మో, అమ్మో" అంటూ పరిగెత్తింది. జనమంతా అలాగే గెంతుతున్నారు.

ఆయన ఒక్కడే మామూలుగా నడిచి వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని, తల వంచుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ, ఎండలోనే, మెల్లగా. నీడలో నిలబడి నేను ఆయన్నే చూశాను. దేవుడికి దండం పెట్టమంటే బద్ధకించే మనిషి. పొద్దున జరిగిందానికి తనకు తానే శిక్ష వేసుకుంటున్నాడనుకున్నాను. తప్పు నాదైతే కాళ్లు కాల్చుకుంటున్నది ఈయన. "మీ నాన్నను చూడవే" అన్నాను అమ్మాయితో, కళ్లు తుడుచుకుంటూ.

సాయంత్రం ఆయన అమ్మాయి ఇంట్లో కూలరు ముందు కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. కాళ్లు పీట మీద చాచుకున్నాడు. పిల్ల ఆ పీట పక్కన గొంతుక్కూర్చుని ఏదో ఆడుకుంటోంది. నేను ఆకుకూర తెంపుతున్నాను.

"అమ్మమ్మా, తాత కాళ్లకు నీళ్ల బుడగలున్నయి" అంది.

నేను తల ఎత్తాను. ఆయన రెండు అరికాళ్లూ బొబ్బలెక్కి ఉన్నాయి. పిల్ల వేలుతో ఒక బొబ్బను నొక్కుతోంది. నేను చూస్తుండగానే అది చితికి, నీళ్లు మడమ మీదుగా కారి పీట మీద పడ్డాయి. పిల్ల రెండోదాని మీద వేలు పెట్టింది. ఆయన పేపరు పేజీ తిప్పాడు.

"ఏమయ్యా!" అన్నాను.

ఆయన పేపరు కొంచెం దించి, "ఏంది?" అన్నాడు. నిజంగానే ఆయనకు ఏమీ తెలియదు. ఆ 'ఏంది' నేను బతికున్నన్నాళ్లూ మరిచిపోను.

అమ్మాయి పిల్లను లోపలికి తీసుకుపోయింది. నేను ఆయన కాళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. "నొప్పి లేదా?" అని అడిగాను. లేదన్నాడు. "ఎప్పటిసంది?" అన్నాను. కూలరు వైపు చూస్తూ, "దసరాకు ముందు నుంచే. మొదట వేళ్లు మొద్దుబారినయి. మెల్లగ పైకి వచ్చింది" అన్నాడు.

అప్పుడు ఒక్కొక్కటీ వచ్చి నా ముందు నిలబడింది. దసరా తర్వాత పడిపోయిన మైలేజీ, అమ్మాయి నడిపితే పెరిగిన అంకె, పొద్దున ముందుకు దూకిన బండి.

"పొద్దున అడవిల, నిజం చెప్పు. బ్రేకు కొట్టినవా?"

"కొట్టిననుకున్న" అన్నాడు. "కాలు దేని మీదున్నదో నాకు తెల్వలే. వంగి చూసుకున్నంక పెట్టిన."

"అంటే నువ్వు కిందికి చూసేది మైలేజీ కాదా?"

"కాదే. నా కాలు చూసుకుంటున్న."

నాకు కోపం వచ్చింది. అంత కోపం నా జన్మలో రాలేదు. పిల్లకు వినబడుతుందని కూడా చూడకుండా అరిచాను. "పిల్ల వెనక కూసున్నదయ్యా! వారం వారం ఆ పసిదాన్ని ఏసుకుని కాలు యాడున్నదో తెల్వకుండ తోలినవా? ఆ తల్లి చచ్చిపోతే ఏం చేద్దువు? టైర్ల మీద పెడితివి, నా మీద పెడితివి!" అంటూ ఆయన భుజం మీద కొట్టాను. ఆయన అడ్డుకోలేదు. నా చేతులు ఆగాక నా వైపు చూశాడు. కళ్లల్లో నీళ్లు నిండి ఉన్నాయి.

"నన్ను అన్‌ఫిట్ చేయకే" అన్నాడు.

తిట్టాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి నా దగ్గర. ఆయన కాళ్లు వదల్లేదు, అంతే. మర్నాడు మమ్మల్ని అమ్మాయే ఖమ్మంలో దింపింది.

ఖమ్మంలో డాక్టరు దగ్గర నేను చూసింది కూడా చెప్పాలి. డాక్టరు ఆయన్ను మంచం మీద పడుకోబెట్టి, కళ్లు మూసుకోమని, "కాలికి ఏదైనా తగిలినట్టనిపిస్తే చెప్పండి" అన్నాడు. సన్నని నైలాను దారం ముక్కలాంటిది తీసుకుని బొటనవేలి కింద గుచ్చాడు. తర్వాత చిటికెన వేలి కింద. బొబ్బలు లేనిచోట చూసి అరికాలి మధ్యలో. దారం వంగిపోయేదాకా నొక్కుతున్నాడు. రెండో కాలు కూడా అయింది. మా ఆయన కళ్లు మూసుకుని, పరీక్ష రాసే పిల్లాడిలా శ్రద్ధగా, తగిలితే చెబుదామని కాచుకుని ఉన్నాడు. కాసేపటికి, "ఇంక మొదలుపెట్టలేదా డాక్టరు గారూ?" అని అడిగాడు.

డాక్టరు నా వైపు చూశాడు. నేను గోడ వైపు తిరిగాను.

షుగరు వల్లే కాళ్లల్లో నరాలు చచ్చుబడ్డాయి, పుండ్లు మానతాయి, షుగరు అదుపులో పెట్టుకోవాలి, వట్టి కాళ్లతో నడవొద్దు, రోజూ అరికాళ్లు చూసుకోవాలి, పోయిన స్పర్శ తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోవద్దు అని చెప్పాడు. బండి నడిపే సంగతి మా ఆయన అడగలేదు. నేనే అడిగాను. "ఇంక వద్దమ్మా" అన్నాడు డాక్టరు.

కారు అమ్మేద్దామన్నాను నేను. ఆ కారును చూస్తేనే నాకు వణుకు. ఆయన మూడో రోజు అన్నం తింటూ, "అమ్మితే పిల్లను ఎవరు తెస్తరు? నువ్వు నేర్చుకో" అన్నాడు. ఈ వయసులో నాకు కారేందని నెత్తి కొట్టుకున్నాను. స్కూటీ మీద బడికి పోవడమే నాకు ఎక్కువ. కానీ శుక్రవారం సాయంత్రాలు ఆయన గేటు దగ్గర నిలబడి రోడ్డు వైపు చూసే చూపు నేను భరించలేకపోయాను.

లైసెన్సు కోసం మామూలు డ్రైవింగ్ స్కూల్లో చేరాను. కానీ నేర్పింది ఆయనే. మా కాలనీ దాటాక ప్లాట్లు వేసి వదిలేసిన ఖాళీ జాగా ఉంది. పొద్దున్నే అక్కడికి వెళ్లేవాళ్లం. పక్క సీట్లో కూర్చుని అరిచేవాడు. స్టీరింగును గంటె పట్టినట్టు పట్టొద్దనేవాడు, అద్దం చూడమనేవాడు. నేనూ ఊరుకోలేదు, ఎదురు తిట్టాను. వీటన్నిటి మధ్యా ఒక మాట మాత్రం ఆగకుండా అడిగేవాడు. "బ్రేకు మీద కాలు ఆనిందా? ఆనినట్టు నీకు తెలుస్తున్నదా?"

"తెలుస్తున్నదయ్యా! ఎన్నిసార్లు అడుగుతవు?" అని ఒకరోజు కసిరాను. ఆయన నా కాలి వైపు చూస్తూ, "ఎట్ల ఉంటది?" అన్నాడు. బండి ఆపి ఆయన మొహం చూశాను. ఎగతాళి కాదు, నిజంగానే అడుగుతున్నాడు. చెప్పాను. గట్టిగా ఉంటుంది, నొక్కితే వెనక్కి నెడుతున్నట్టు ఉంటుంది, ఇంకా నొక్కితే లొంగుతుంది అని. "అవ్. గట్లనే ఉండేది" అన్నాడు.

లైసెన్సు వచ్చాక మొదటిసారి పిల్లను దింపడానికి నేనే నడుపుతూ బయల్దేరాను. ఆయన ముందు సీట్లో కూర్చోలేదు. వెనక తలుపు తీసి పిల్ల పక్కన కూర్చున్నాడు. పిల్లకు అది వింతగా ఉంది. "తాతా, నువ్వెందుకు నడుపుత లేవు?" అని అడిగింది. నేను అద్దంలో ఆయన్ను చూశాను. కాళ్లు నొప్పనో, కళ్లజోడు మరిచిపోయాననో, రిటైరైనవాడు చెప్పుకునే సాకులు ఎన్ని లేవు?

"నాకు ఇప్పుడు నడపొస్తలేదు బిడ్డా" అన్నాడు ఆయన.

పిల్ల సరేనని కిటికీలోంచి కోతులను చూడసాగింది. నేను కొత్తగూడెం దాటాను, పాల్వంచ దాటాను. అడవిలో రోడ్డు ఖాళీగా ఉంది. టైర్లు అవే, షాపులో నేను పోట్లాడి వేయించినవే. మార్చే అవసరం రాలేదు. షాపాయనకు ఫోన్ చేసి క్షమించమని ఎప్పుడో అడిగేశాను.

"ఎంత చూపెడుతున్నది?" అని వెనక నుంచి అడిగాడు.

నేను తెర వైపు చూశాను. ఆయన మంచి రోజుల్లో నాకు చూపించి మురిసిపోయిన అంకె ఉంది అక్కడ. దాన్ని పైకి చదివితే ఇన్నాళ్ల మైలేజీ నేరం ఎవరిదో నా నోటితో తీర్పు చెప్పినట్టే. అంత పని నేను చేయలేను.

"తక్కువనే. నీ అంత ఎట్లొస్తది నాకు?" అన్నాను.

ఆయన నవ్వాడు. "అబద్ధమాడకే. ఇంజను లేస్తనే లేదు. నాకు చెవులున్నయి గదా." తర్వాత మెల్లగా అన్నాడు. "మంచి టైర్లే ఏయించినవు."

నాకు రోడ్డు మసకబారింది. బండి పక్కకు తీసి ఆపాను.

"ఇండికేటర్ ఎయ్యకుండ ఆపుతరా ఎవరన్న?" అని వెనక నుంచి తిట్టాడు.